ఎనిమిది అక్షరాల్లో ఓబులేసు మంద

2015 మే నెల మొదట్లో నన్ను పశ్చిమ ప్రకాశంలో ఒక డివిజనుకు పశువైద్య శాఖ అసిస్టెంట్ డైరెక్టరుగా బదిలీ చేశారు. డివిజను పేరు చెప్పను. గిద్దలూరుకు దక్షిణంగా, సగిలేటి వైపు అంటే చాలు. అక్కడివాళ్ళు కొందరు ఈ సంగతి తలుచుకుని ఇప్పటికీ ఫోన్లో నన్ను ఆట పట్టిస్తుంటారు. వాళ్ళకు కొత్త సరుకు అందించడం నాకు ఇష్టం లేదు.

మా శాఖలో మండలానికి ఒక పశువైద్యుడు ఉంటాడు. కొన్ని మండలాలు కలిపి ఒక డివిజను, దాని మీద ఒక అసిస్టెంట్ డైరెక్టరు. పేరులో డైరెక్టరు ఉంది కదా అని మా చుట్టాలు మురిసిపోయేవాళ్ళు. ఆ పేరులో పని చేసే మాట మొదటిదేనని చేరిన రోజునే నాకు అర్థమయింది. ఆఫీసులో నాకో కుర్చీ, ఒక ఫ్యాను, ఒక జీపు ఉండేవి. ఫ్యాను తిరిగినప్పుడు కరెంటు ఉందనీ, జీపు కదిలినప్పుడు డీజిలు ఉందనీ తెలిసేది.

నేను చేరిన వారానికే సగిలేరు అవతల పారుడు రోగం బయటపడింది. ఇది గొర్రెలకూ మేకలకూ వచ్చే అంటురోగం. ముందు జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుళ్ళు, ఆ తరవాత విరేచనాలు. మందలో ఒకదానికి అంటుకుందంటే చూస్తుండగానే సగం మంద నేలకు ఒరుగుతుంది. వచ్చిన తరవాత చేయగలిగేది తక్కువ. రాకముందే టీకా వేయాలి. రోగం కనబడిన చోటు చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటిలో ముందు టీకాలు పూర్తిచేసి, దాన్ని బయటికి రాకుండా బిగించడాన్ని మేం రింగు వ్యాక్సినేషన్ అంటాం. రింగులో ఒక్క మందను వదిలేసినా కంచెలో కంత వదిలినట్టే. వాన పడితే మందలన్నీ కదులుతాయి, ఏటి దగ్గర కలుస్తాయి. అప్పటిలోగా ఒక్క మంద కూడా మిగలకుండా టీకా వేయడం నా పని.

ఈ టీకా మందుకు మహా గీర. మార్కాపురం నుంచి ఐసు పెట్టెల్లో వస్తుంది. చిన్న సీసాలో పొడి రూపంలో ఉంటుంది. దాంతోపాటు ఇచ్చే ద్రవంలో కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి, లేకపోతే పారబొయ్యాలి. అంటే మనం సీసా మూత తీసే వేళకు గొర్రెలు మన ఎదుట నిలబడి ఉండాలి. గొర్రెలేమో పొద్దు కాస్త పైకి రాగానే మేతకు పోతాయి. ఒకసారి కొండవారకు ఎక్కాయంటే సాయంత్రం దాకా వాటిని దేవుడు కూడా వెనక్కి పిలవలేడు. అందుకని ముందురోజు సాయంత్రమే చాటింపు వేయాలి: రేపు మంద తోలకండి, దొడ్లోనే ఉంచండి, మేమే వస్తాం అని. ఆ కొండవార పల్లెల్లో అప్పట్లో ఫోను సిగ్నలు వచ్చేది కాదు. కాబట్టి చాటింపే దిక్కు.

పూర్వం ఈ పని డప్పుతో జరిగేది. నా కాలానికి మస్తాన్ ఆటోతో జరిగేది. ఆ ఆటో పైకప్పు మీద రెండు కొమ్ముల లౌడుస్పీకర్లు, లోపల ఒక ఆంప్లిఫయరు ఉండేవి. ఆంప్లిఫయరుకు పెన్‌డ్రైవ్ పెట్టే సందు, పక్కనే నీలం రంగు వెలుతురులో అక్షరాలు కనబడే బొటనవేలంత తెర. మా పని లేనప్పుడు ఆ ఆటో ఉల్లిగడ్డలు అమ్మేది, చీరల దుకాణం వాళ్ళ తగ్గింపు ధరలు చెప్పేది, ఎవరైనా పోతే ఆ కబురూ చెప్పేది. పొద్దంతా ఆ కొమ్ముల కింద కూర్చుంటే చెవులు పోతాయని మస్తాన్ రెండు చెవుల్లోనూ దూది కుక్కుకునేవాడు. ఒళ్ళు కాపాడుకునే మనిషని నేను మెచ్చుకున్నాను కూడా.

చాటింపు మాటలు రికార్డు చేసినది మా జూనియర్ అసిస్టెంట్ వెంకటసుబ్బయ్యగారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి. ఆఫీసు కాగితాల్లో పైన 'విషయం' అని ఒక వాక్యం రాస్తారు, మీరు చూసే ఉంటారు. ముందు శాఖ పేరు, తరవాత పథకం పేరు, ఆ తరవాత ఫలానా మండలం, ఫలానా గ్రామం, చివర 'గురించి'. అసలు ఎవరికి ఏం కావాలన్నది ఆ 'గురించి'కి ముందు ఎక్కడో నక్కి ఉంటుంది. సుబ్బయ్యగారు జీవితమంతా ఆ వాక్యాలు రాసినవారు. వాళ్ళావిడకు కూరగాయల చీటీ రాసిచ్చినా పైన విషయం ఉండేదని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళు. ఆయన ఒక్కో ఊరికి ఒక్కో చాటింపు గంభీరంగా చదివి, కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కో ఫైలుకు నిండైన పేరు పెట్టారు. అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో: పశువైద్య శాఖ, పారుడు రోగ నివారణ, ఉచిత టీకాల కార్యక్రమం, తంగేడుపల్లె గ్రామం, గురించి. ప్రతి పేరూ ఇదే వరస. ఊరి పేరు ఒక్కటే మారుతుంది, అదీ తోక దగ్గర.

మొదటి విడత మూడు ఊళ్ళు: రాళ్ళదిన్నె, తంగేడుపల్లె, చింతలకుంట. మూడు జట్లు ఒకే ఉదయం బయలుదేరాలి. ముందురోజు సాయంత్రం మస్తాన్ మూడు ఊళ్ళూ తిరిగి వచ్చి, పని బ్రహ్మాండంగా జరిగిందనీ, జనం రోడ్ల మీదికి వచ్చి చేతులు ఊపారనీ, తానూ ఊపాననీ చెప్పాడు. నేను సంతోషించాను. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు, నేనూ ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే రాళ్ళదిన్నె జట్టుతో నేను వెళ్ళాను. ఊళ్ళో దొడ్లన్నీ ఖాళీ. పెంటికలు ఉన్నాయి, వాటి యజమానులు లేరు. టీ కొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్నీ మా ఐసు పెట్టెనూ తీరిగ్గా చూసి, ఏం పని మీద వచ్చారని అడిగాడు. టీకాల సంగతి చెప్పాను.

"మీరు పిలిచింది తంగేడుపల్లోళ్ళను గదమ్మా," అన్నాడాయన. "నిన్న మీ బండి మా ఊరంతా తిరిగి తంగేడుపల్లె గొర్రెలోళ్ళారా, తంగేడుపల్లె గొర్రెలోళ్ళారా అని అరిచి పోయినాది. మా అరుగు మీద కూసోని పక్కింటోళ్ళను పెండ్లికి పిలిచినట్టుండాది. మావోళ్ళు చెయ్యెత్తి ఆపమంటే ఆయన కూడా చెయ్యి ఊపి నవ్వుకుంటా పోయినాడు."

మిగతా రెండు జట్ల నుంచీ సిగ్నలు దొరికిన చోటల్లా ఫోన్లు వచ్చాయి. తంగేడుపల్లెలో చింతలకుంట వాళ్ళను పిలిచారట. చింతలకుంటలో రాళ్ళదిన్నె వాళ్ళను పిలిచారట. చింతలకుంట వాళ్ళకు మరీ కోపం వచ్చింది. రాళ్ళదిన్నెకూ వాళ్ళకూ అంతకుముందే చెరువు నీళ్ళ దగ్గర పడదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మస్తాన్‌ను రాళ్ళదిన్నెకే పిలిపించి నాలుగు దులిపాను. చెవుల్లో దూది ఉండటం వల్ల మొదటి రెండూ వృథా అయ్యాయి. దూది తీశాక అతను చెప్పినది ఇది.

"తెర మీద ఊరి పేరు యాడుంది మేడమ్? అన్నీ ఒకటే రాత, చివర్న ఒకటి, రెండు, మూడు. ఒకటి మొదటి ఊరిది, రెండు రెండో ఊరిది అనుకున్నా. ఏం తప్పు?"

తప్పేమిటో అప్పటికి నాకూ తెలియదు. ఇంతలో ఊరి చివర కోత అయిన ఒక చేలో తెల్లగా మంద కనబడింది. మా జట్టులో టీకాలు వేసే లైవ్‌స్టాక్ అసిస్టెంటు 'అదుగో మేడమ్, ఒకటి దొరికింది' అన్నాడు, పోయిన కుక్కపిల్ల దొరికినంత సంతోషంగా.

వలలు కట్టిన దొడ్డిలో మంద కదలకుండా నిలబడి ఉంది. ముందు ఒక ముసలాయన తలగుడ్డ సర్దుకుని, స్నానం చేసి, పెళ్ళివారికి ఎదురుచూసినట్టు మాకోసం చూస్తున్నాడు. పేరు ఓబులేసు. ఊరు తంగేడుపల్లె.

తంగేడుపల్లె మంద రాళ్ళదిన్నెలో ఎందుకుంది అంటే, ఆ వైపు ఎండాకాలంలో మందలు సొంత ఊళ్ళో ఉండవు. పైరు కోసిన పొలాల్లో రాత్రిళ్ళు మంద కట్టమని రైతులు కాపరులను పిలుచుకుంటారు. గొర్రెల పెంటికలతో, మూత్రంతో నేలకు సత్తువ వస్తుంది. కాపరికి గింజలో డబ్బులో ముడతాయి. ఒక పొలం అయ్యాక ఇంకో పొలం, ఈ ఊరు అయ్యాక ఇంకో ఊరు. ఓబులేసు ఉగాది అయినప్పటి నుంచీ ఇంటి మొహం చూడలేదు.

"నిన్న సాయంత్రం తంగేడుపల్లోళ్ళు మంద నిలపాల అని మీ బండి చెప్పినాది," అన్నాడు. "ఈ ఊళ్ళో తంగేడుపల్లె వాణ్ణి నేనొక్కణ్ణే. నా ఒక్కని కోసరం బండి కట్టి, మైకు పెట్టి, ఈ ఊరిదాకా పంపించినారు. ఇంక నేను మంద ఎట్ల తోలుకపోతానమ్మా?"

ప్రభుత్వం తన మీద ఇంత శ్రద్ధ పెట్టిందని ఒక మనిషి నమ్మినప్పుడు దాన్ని ఖండించే అధికారం అసిస్టెంట్ డైరెక్టరుకు లేదు. నేను గంభీరంగా తల ఊపాను.

"పోయిన తూరి ఈ పాడు రోగం వచ్చినప్పుడు పొద్దున లేయడం, చచ్చినవాటిని ఈడ్చుకపోయి గుంతలో ఏయడం," అన్నాడాయన, మందనే చూస్తూ. "నేనూ మా ఆడమనిషీ ఇద్దరమే. సగం మంద పూడ్చినాం. మిగిలిన వాటితో మళ్ళీ ఇంతకు తెచ్చుకున్నా. ఈ తూరి పోతే నాకు మళ్ళీ పెంచుకునే ఓపిక లేదమ్మా. ఈ వయసులో కూలికి పోవాల్సిందే."

అప్పటిదాకా లోపల నవ్వుకుంటున్నదాన్ని, ఆ మాటతో నాకు నవ్వు పోయింది. ఆయన గొంతులో ఏడుపు లేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఎక్కువ తగిలింది.

మా లైవ్‌స్టాక్ అసిస్టెంటుకు ఒక నియమం గుర్తొచ్చింది. తెచ్చిన మందు రాళ్ళదిన్నె గొర్రెలకు కేటాయించినది, ఇవి తంగేడుపల్లెవి, రికార్డులో ఎట్లా చూపాలి అన్నాడు. ఈ గొర్రెలు నెలరోజులుగా రాళ్ళదిన్నె గడ్డి తిని రాళ్ళదిన్నె నేలకే ఎరువు వేస్తున్నాయి, ఇంతకన్నా రాళ్ళదిన్నెవి ఎక్కడ దొరుకుతాయి, రాసుకో అన్నాను. సీసా మూత తీశాం. ఒక్కో గొర్రెకు చర్మం కింద ఒక మిల్లీలీటరు. టీకా పడిన గొర్రెకు వీపు మీద రంగు చుక్క. ఓబులేసు ఒక్కోదాన్నీ కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకుని, సూది దిగేటప్పుడు మటుకు తాను మొహం పక్కకు తిప్పుకునేవాడు.

ఆ రంగు చుక్కలు పెడుతున్నప్పుడే నాకు ఒక అనుమానం వచ్చింది. చాటింపు సరిగ్గా జరిగి ఉంటే ఏమయ్యేది? తంగేడుపల్లెలో తంగేడుపల్లె వాళ్ళను పిలిచేవాళ్ళం, అక్కడ ఓబులేసు లేడు. రాళ్ళదిన్నెలో రాళ్ళదిన్నె వాళ్ళను పిలిచేవాళ్ళం, అది తన ఊరు కాదు కాబట్టి ఆయన మంద తోలుకుపోయేవాడు. రెండు చోట్లా మా పని నూటికి నూరుపాళ్ళు సక్రమంగా జరిగేది, ఈ మంద మాత్రం మిగిలిపోయేది. ఈ ఒక్కసారికి గుడ్డిలో మెల్లగా తప్పే పని చేసిపెట్టింది.

మీలాగా బయట ఉన్నవాళ్ళు ఇంకెవరని ఆయన్ని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ఈ ఎండలకు ఊళ్ళో మంద యాడుంటాదమ్మా? మా చిన్నోబయ్య చింతలకుంటలో ఉండాడు. చింతలకుంట రంగయ్య ఏటి గట్టున. ఈ రాళ్ళదిన్నోళ్ళు ఇద్దరు కొండ కింద. ఊరి పేరుతో పిలిస్తే ముసలోళ్ళూ కోళ్ళూ పలుకుతాయి అంతే." ఎవరు ఏ పొలంలో ఉన్నదీ ఒక్కొక్కటే చెప్పాడు.

మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి పెన్‌డ్రైవ్ ముందేసుకుని కూర్చున్నాను. కంప్యూటర్లో చూస్తే సుబ్బయ్యగారి పేర్లన్నీ నిండుగా, తోకలతో సహా ఉన్నాయి. అదే పెన్‌డ్రైవ్ ఆటోలో పెడితే తెర మీద PASUVA~1 అని వచ్చింది. తరవాతది PASUVA~2. చూడగానే నాకు పాత రోజులు గుర్తొచ్చాయి. నల్ల తెర మీద తెల్ల అక్షరాల కంప్యూటర్లతో మాకు ట్రైనింగు ఇచ్చిన కాలంలో నేర్చుకున్న సంగతి ఇది. అప్పుడు ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, ఒక చుక్క, ఆ తరవాత ఫైలు రకం చెప్పే మూడు అక్షరాలు మాత్రమే ఉండేవి. తొమ్మిదో అక్షరం కొడితే కంప్యూటరు ఒప్పుకునేది కాదు.

తరవాత వచ్చిన కంప్యూటర్లు పొడుగు పేర్లను రానిచ్చాయి. కానీ పాత యంత్రాలూ చవక యంత్రాలూ వాటిని చదవలేవు. వాటి కోసం ప్రతి ఫైలుకూ చాటుగా రెండో పేరు పెట్టడం మొదలుపెట్టాయి. బళ్ళో పేరు వెంకట లక్ష్మీనరసింహ ప్రసాదు, ఇంట్లో పేరు బుజ్జి అన్నట్టు. మనుషులకు పొడుగు పేరు కనిపిస్తుంది, పేద యంత్రాలకు ముద్దుపేరు కనిపిస్తుంది. ఆ ముద్దుపేరు తయారుచేసే పద్ధతి ఏమంటే, పొడుగు పేరులో ఖాళీలు తీసేసి, మొదటి ఆరు అక్షరాలు ఉంచి, పాములా వంకర తిరిగిన గీత ఒకటి పెట్టి, దాని పక్కన ఒక అంకె వేస్తుంది. మొదటి ఆరు అక్షరాలూ అందరికీ ఒకటే అయితే ఇంటినిండా బుజ్జిలే: ఒకటో బుజ్జి, రెండో బుజ్జి. నాలుగు దాటితే మన కంప్యూటరుకు విసుగొచ్చి రెండు అక్షరాలే ఉంచి, మధ్యలో తోచిన అంకెలూ అక్షరాలూ కలిపేస్తుంది. తరవాతి విడత ఊళ్ళ ఫైళ్ళూ అందులోనే ఉన్నాయి కాబట్టి మా ఐదో ఫైలు PA3C7F~1 అయి కూర్చుంది. అది ఏ ఊరో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు.

ఆ అంకెలు ఊళ్ళ వరస కాదు. ఏ ఫైలు ముందు పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళిందో దానికి ఒకటి. సుబ్బయ్యగారు ఫైళ్ళన్నిటినీ ఒక్కసారే పట్టి లాగారు. లాగేటప్పుడు మౌసు ఏ ఫైలు మీద ఉందో అది ముందు వెళ్ళింది, అది తంగేడుపల్లెది. కాబట్టి మస్తాన్ మొదటి ఊళ్ళో మొదటి అంకె నొక్కాడు, న్యాయంగానే నొక్కాడు.

ఇదంతా సుబ్బయ్యగారికి చెప్పి, పేర్లు కుదించమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అది అభ్యంతరానికి సూచన.

"శాఖ పేరు లేకుండా ఫైలంటే తల్లీ తండ్రీ లేని బిడ్డ కదా మేడమ్," అన్నారు. "రేపు ఎవరైనా ఇది ఏ శాఖదని అడిగితే?"

ఆటోలో ఉన్నవి అన్నీ మన శాఖవే సుబ్బయ్యగారూ, ఉల్లిగడ్డలవి వేరే పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి అన్నాను. ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, పోనీ ఊరి పేరు ముందు పెట్టి శాఖ పేరు వెనక పెడదామన్నారు. ఆయన సర్వీసులో అంత పెద్ద రాజీ అదేననుకుంటాను. కానీ అప్పటికే ఊరి పేరు కూడా పనికిరాదని ఓబులేసు నాకు చెప్పేశాడు. ఊరు కాదు, మనిషి పేరు పెట్టండి, ఎనిమిది అక్షరాల్లోపు, ఖాళీలు వద్దు, గీతలు వద్దు అన్నాను. పేరు ఎనిమిదిలో సరిపోతే ఇంక రెండో పేరు అక్కర్లేదు. కంప్యూటరులో ఏది కనిపిస్తుందో ఆటోలోనూ అదే కనిపిస్తుంది.

చాటింపులు మళ్ళీ రికార్డు చేశారు. ఈసారి మాటలు కూడా మారాయి: చింతలకుంటలో మంద కట్టిన తంగేడుపల్లె చిన్నోబయ్యా, రేపు పొద్దున నీ మంద ఉన్నచోటనే నిలుపు, డాక్టర్లు అక్కడికే వస్తారు. సుబ్బయ్యగారు 'తెలియజేయునది ఏమనగా' అని ఒక్కసారైనా అంటానన్నారు, ఒప్పుకున్నాను. పెన్‌డ్రైవ్‌ను ఆ ఆంప్లిఫయరు చదవగలిగే పద్ధతిలో ఫార్మాటు చేసి, ఫైళ్ళను ఊళ్ళ దారి వరసలో ఒక్కొక్కటిగా ఎక్కించాం. ఫోల్డర్లు పెట్టలేదు, ఆ యంత్రానికి ఫోల్డరు తలుపు తీయడం రాదు. చివరికి కంప్యూటర్లో కాకుండా ఆటోలోనే, ఆఫీసు ఆవరణలో, ప్రతి ఫైలూ మోగించి చూశాం. మస్తాన్ చెవుల్లో దూది తీసి నా చేతిలో పెట్టిన తరవాతే మోగించాం. ఈ చివరి మెట్టు చిన్నదిగా కనిపిస్తుంది. అది మొదటే చేసి ఉంటే ఇదంతా రాసే పని నాకు ఉండేది కాదు.

రెండో విడత చాటింపు ఆ చుట్టుపక్కల కొన్నాళ్ళు కబుర్లకు పనికొచ్చింది. మైకులో పేరు పెట్టి పిలిపించుకోవడం అంటే మాటలా. ఏటి గట్టున రంగయ్య తన పేరు ఇంకోసారి వేయమని మస్తాన్‌కు టీ తాగించాడు. పేరు రానివాళ్ళు ఆఫీసుకు వచ్చి, మా మంద నీ లెక్కలో లేదా అని నిలదీశారు. పిలవని పేరంటానికి వచ్చినట్టు మొహమాటపడుతూ కాదు, కోపంగా వచ్చారు. నేను కోరుకున్నది అదే. ఎవరికి కోపం వస్తే వాళ్ళ మంద ఎక్కడుందో నాకు తెలిసేది.

తంగేడుపల్లెలో చర్చి పక్క సందు మొదట్లో మరియమ్మ అనే ఆమె ఆటోకు అడ్డంగా నిలబడింది. చంకలో ఒక మేకపిల్ల ఉంది.

"ఆపు నాయనా," అంది మస్తాన్‌తో. "రోజూ వచ్చి అందరి పేర్లూ పిలుస్తాండావు. మా సందులో ఇంటికి రెండు మేకలో మూడు మేకలో ఉండాయి. మమ్మల్ని పిలవవేం? మా మేకలకు నోరు లేదా, రోగం రాదా?"

మస్తాన్ ఆ మాట నాకు చేరవేశాడు. ఆమె అడిగినది నిజం. మేం మందలనే లెక్క వేసుకున్నాం. గుంజకు కట్టిన రెండు మేకల ఇల్లు మా ప్రణాళికలో ఎక్కడా లేదు. ఒకవేళ వెళ్ళినా పగటిపూట అక్కడ ఎవరూ ఉండరు. తెల్లవారగానే అందరూ కూలికి పోతారు, కొందరు మేకలను వెంట తోలుకుపోతారు. కాబట్టి ఆ సందుకు వేరే చాటింపు, వేరే వేళ. కూలికి పోకముందే వస్తాం, మేకలు విప్పకండి అని. ఫైలు పేరు MEKALU. సుబ్బయ్యగారు అడక్కుండానే ఆరు అక్షరాల్లో పెట్టి తెచ్చారు. ముందు జట్టు వాళ్ళు అంత పొద్దున్నే రావడానికి గొణిగారు. నేనే ముందు వెళ్ళి నిలబడేసరికి గొణుగుడు ఆగింది. ఆ సందులో ప్రతి మేకకూ వీపు మీద రంగు చుక్క పడింది.

తొలకరి పడింది. మందలు ఇళ్ళకు తిరిగొచ్చాయి. ఓబులేసు మంద కూడా తంగేడుపల్లె చేరి, రోజూ మరియమ్మ వాళ్ళ సందు చివర ఉన్న తొట్టి దగ్గర నీళ్ళు తాగేది. ఆ రోజుల్లోనే రోగం ఏరు దాటింది. అయితే నడిచి దాటలేదు, బండెక్కి దాటింది. మరియమ్మ పక్కింటివాళ్ళు ఏటి అవతలి సంతలో రెండు మేకలు కొనుక్కొచ్చారు. తెచ్చినప్పుడు బాగానే ఉన్నాయట. కొన్నాళ్ళకు ముక్కు కారడం, ఆ తరవాత విరేచనాలు. నేను వెళ్ళేసరికి ఒకటి పోయింది, రెండోది నా ఎదుటే పోయింది. నమూనాలు తీసి పంపించాను. ఫలితం రాకముందే అదేమిటో నాకు తెలుసు. ఆ మేకలు చావకముందు రోజూ ఆ తొట్టిలోనే నీళ్ళు తాగాయి.

ఆ తరవాతి రోజులు నాకు బాగా లేవు. టీకా మీద నాకు నమ్మకం లేక కాదు. ఎండల్లో, జీపుల్లో, పెట్టెల్లో తిరిగిన మందు మీద నమ్మకం కాస్త ఊగుతుంది, ఎంత అనుభవం ఉన్నా ఊగుతుంది. ఓబులేసు రోజూ తెల్లవారి ప్రతి గొర్రె ముక్కూ తన తలగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వెలుతురులో పట్టి చూసేవాడు. మరియమ్మ మేకలు, చచ్చినవాటి గుంజకు చేయి చాస్తే అందేంత దూరంలోనే కట్టి ఉన్నాయి. రోగం బయటపడవలసిన గడువు నిండేదాకా నేను రోజు విడిచి రోజు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఓబులేసు గుడ్డ చూపించేవాడు. గుడ్డ మాసి ఉండేది, తడి ఉండేది కాదు.

గడువు దాటింది. ఆ సందులో సంతలో కొన్న రెండూ తప్ప ఇంకేదీ పోలేదు. ఓబులేసు మందలో ఒక్కటీ పోలేదు. ఆయన ఆఫీసుకు వచ్చి, నా గది గుమ్మం దగ్గర నిలబడి, "అన్నీ ఉండాయమ్మా" అని మాత్రం చెప్పి బస్సుకు వేళయిందని వెళ్ళిపోయాడు. నేను ఆ పూట ఏ కాగితం మీదా సంతకం పెట్టలేకపోయాను. ఆనందమే, ఇంకేమీ కాదు.

నేను నేర్చుకున్నది ఇంతే. పేరు పెట్టేటప్పుడు అందరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని వెనక్కి నెట్టి, ఆ ఒక్కరికే చెందినదాన్ని ముందు పెట్టాలి. చదివే యంత్రం కావచ్చు, మనిషి కావచ్చు, మొదటి నాలుగు ముక్కలు దాటి చదువుతారన్న హామీ లేదు. పేరు సరిపోయిందో లేదో మన బల్ల మీద కాక, అది చేరవలసిన చోటనే చూసుకోవాలి. ఆ తరవాత రిటైరయ్యేదాకా నేను ఏ డివిజనులో పనిచేసినా, టీకాల ప్రణాళిక వేసేటప్పుడు ఊళ్ళ పేర్లు చివర రాయించాను. ముందు మూడు ప్రశ్నలకు జవాబు తెమ్మనేదాన్ని: ఈ వారం మంద ఎవరి చేతిలో ఉంది, ఏ పొలంలో ఉంది, మనం ఇంకా పిలవనివాళ్ళు ఎవరు? మొదటి రెండింటికీ జవాబు ఎవరో ఒకరు తెచ్చేవాళ్ళు. మూడోదానికి మటుకు ప్రతి ఊళ్ళోనూ నేనే వెళ్ళి సందు సందూ తిరగాల్సి వచ్చింది.